ఇంగ్లీషు ‘ఫ్రీ’కి స్పానిష్ మాటలు

ఇంగ్లీషు ‘ఫ్రీ’ అనే మాటకు అన్ని చోట్లా సరిపోయే ఒక్క మాట స్పానిష్‌లో లేదు. జైలు నుంచి విడుదలైన మనిషి ఫ్రీ. డబ్బు కట్టక్కర్లేని ప్రదర్శన ఫ్రీ. ఎవరూ కూర్చోని కుర్చీ ఫ్రీ. పనేమీ లేని సాయంత్రం ఫ్రీ. చక్కెర వేయని బిస్కెట్టు షుగర్ ఫ్రీ. ఇంగ్లీషు ఈ అయిదింటినీ ఒకే మాటతో నెట్టుకొస్తుంది. స్పానిష్ మాత్రం సందర్భాన్ని బట్టి లీబ్రె అంటుంది, గ్రాతిస్ అంటుంది, సిన్ అంటుంది, ఎక్సెంతో అంటుంది, మరికొన్ని చోట్ల ఇంకో మాట వాడుతుంది. అందుకే ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి అనువాదం చేసేవారికి ఈ చిన్న మాట పెద్ద పరీక్ష.

నానార్థాలున్న మాటలు రెండు రకాలు. కొన్నిటిలో అర్థాల మధ్య ఏ చుట్టరికమూ ఉండదు. ఇంగ్లీషు ‘బ్యాంక్’ అంటే డబ్బు దాచుకునే చోటు, నది ఒడ్డు కూడా. స్పానిష్‌లో మొదటిది బాంకో, రెండోది ఒరీయా. ఈ రెంటినీ కలగాపులగం చేసే అనువాదకుడు అరుదు. ఎందుకంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండో రకం మాటల్లో అర్థాలన్నీ ఒకే వేరు నుంచి పుట్టిన కొమ్మలు. ‘ఫ్రీ’ అలాంటిది. దాని అర్థాలన్నిటి అడుగునా ఉన్న భావం ఒక్కటే: ఏదో ఒక బంధం, భారం, అడ్డు లేకపోవడం. ఆ లేనిది ఏమిటో ఇంగ్లీషు మాట పైకి చెప్పదు, వినేవారికే వదిలేస్తుంది. స్పానిష్‌లో మాట ఎంచుకోవాలంటే ముందు అది తేలాలి. లేనిది సంకెలా, ధరా, పనా, మనిషా, పదార్థమా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది.

ఫ్రీ, లీబ్రె, గ్రాతిస్ అనే మూడు మాటల పుట్టుక చూస్తే ఇంగ్లీషు, స్పానిష్ వేరువేరు దారులు ఎందుకు పట్టాయో తెలుస్తుంది. ‘ఫ్రీ’ జర్మానిక్ భాషల మాట. దాని అసలు అర్థం ‘ఇష్టమైన, ఆప్తమైన’ అని. ఇంట్లో ఆప్తులు, అంటే సొంత వంశంవారు. వారికి ఎదురుగా బానిసలు. అలా ఆప్తుడన్న మాటకే బానిస కానివాడు అన్న అర్థం వచ్చిందని భాషా చరిత్రకారులు చెబుతారు. ఇంగ్లీషు ‘ఫ్రెండ్’ కూడా ఆ వేరు నుంచే వచ్చింది. సంస్కృతంలోని ‘ప్రియ’ దీనికి దూరపు చుట్టం. ఆ ‘ప్రియం’ తెలుగులోకి వచ్చి ఇష్టమైనది అనే అర్థంతో పాటు ఖరీదైనది అనే అర్థం కూడా తెచ్చుకుంది. కూరగాయలు ప్రియమయ్యాయి అనే తెలుగు వాక్యంలో ఉన్న మాటకూ, ధర లేనిదని చెప్పే ‘ఫ్రీ’కీ మూలం ఒకటే. ఒకే వేరు నుంచి వచ్చిన మాట ఒక భాషలో ధర లేనిది, మరో భాషలో ధర ఎక్కువైనది అయింది.

స్పానిష్‌కు ఈ మాటలు లాటిన్ నుంచి వచ్చాయి, వేరువేరుగా వచ్చాయి. బానిస కానివాడిని చెప్పే ‘లీబెర్’ నుంచి లీబ్రె పుట్టింది. దయ, అనుగ్రహం అనే అర్థమున్న ‘గ్రాతియా’ నుంచి గ్రాతిస్ వచ్చింది. అంటే ప్రతిఫలం ఆశించకుండా దయతో ఇచ్చినది. స్వేచ్ఛ ఒక మాట, ఉచితం ఒక మాట. రెండూ స్పానిష్‌లో మొదటినుంచీ వేరు కాపురాలే.

లీబ్రె ప్రధానంగా స్వేచ్ఛను చెబుతుంది. ఇంగ్లీషు తాత్త్వికులు ‘ఫ్రీ విల్’ అనేదాన్ని స్పానిష్ వారు లీబ్రె అల్బెద్రియో అంటారు. ఛందస్సు కట్టుబాట్లు లేని కవిత్వం వెర్సో లీబ్రె. వస్తువు ఏ ఆధారమూ లేకుండా కిందికి పడిపోవడం కాయీదా లీబ్రె. దేశాల మధ్య ఆంక్షల్లేని వాణిజ్యం లీబ్రె కొమేర్సియో. 1994 జనవరి 1న అమలులోకి వచ్చిన ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం స్పానిష్ పేరులో ఉన్నది ఈ మాటే. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. స్పానిష్‌లో విశేషణం సాధారణంగా నామవాచకం తరవాత వస్తుంది. వెర్సో లీబ్రెలో అలాగే ఉంది. లీబ్రె కొమేర్సియో, లీబ్రె అల్బెద్రియో అనే స్థిరపడిన మాటల్లో మాత్రం ముందుకొచ్చింది. కాబట్టి సరైన మాట దొరకడంతో పని పూర్తి కాదు, దాని చోటు కూడా తెలియాలి.

మనిషికి తీరిక ఉండడం, కుర్చీ ఖాళీగా ఉండడం కూడా లీబ్రెయే. అయితే ఇక్కడ క్రియ తేడా తెస్తుంది. ఇంగ్లీషులో ‘టు బి’ అనే ఒక్క క్రియ చేసే పనిని స్పానిష్ రెండు క్రియలకు పంచింది. సేర్ అనేది స్వభావాన్ని, గుర్తింపును చెబుతుంది. ఎస్తార్ అనేది ప్రస్తుతమున్న స్థితిని చెబుతుంది. ‘ఆర్ యూ ఫ్రీ’ అనే ఇంగ్లీషు ప్రశ్నకు స్పానిష్‌లో రెండు రూపాలు వస్తాయి. ‘ఎస్తాస్ లీబ్రె’ అంటే ఇప్పుడు నీకు తీరికుందా అని. ‘ఎరెస్ లీబ్రె’ అంటే నువ్వు స్వతంత్రుడివా, నీ మీద ఎవరి అధికారమూ లేదా అని. సాయంత్రం కాఫీకి పిలవబోయి రెండో ప్రశ్న అడిగితే అవతలి మనిషి తెల్లబోతాడు. తీరిక సమయం త్యెంపో లీబ్రె. చేతులతో పట్టుకోకుండా ఫోన్ మాట్లాడే పరికరం మానోస్ లీబ్రెస్, అంటే ఖాళీ చేతులు. స్పానిష్ మాట్లాడే నగరాల్లో టాక్సీ మీద లీబ్రె అని రాసి ఉంటే అందులో ప్రయాణికులు లేరని, ఎక్కవచ్చని అర్థం. దాన్ని ఉచిత ప్రయాణమని చదువుకుంటే దిగేటప్పుడు మీటరు నిజం చెబుతుంది.

ధర లేదని చెప్పాలంటే గ్రాతిస్ లేదా గ్రతూయితో. అర్థం ఒకటే అయినా వాక్యంలో వీటి నడక వేరు. గ్రాతిస్ ఎక్కడా మారదు. స్త్రీలింగమైనా, బహువచనమైనా అలాగే ఉంటుంది. క్రియావిశేషణంగానూ పనికొస్తుంది: లోపలికి గ్రాతిస్ వెళ్లాము అనవచ్చు. గ్రతూయితో మాత్రం నామవాచకాన్ని అనుసరించి మారుతుంది. ప్రవేశం అనే ఎంత్రాదా స్త్రీలింగం కాబట్టి ఎంత్రాదా గ్రతూయితా అవుతుంది. మాటల్లో, దుకాణాల బోర్డుల్లో గ్రాతిస్ ఎక్కువ వినిపిస్తుంది. ప్రభుత్వ ప్రకటనల్లో, చట్టాల్లో గ్రతూయితో ఎక్కువ కనిపిస్తుంది. గ్రతూయితోకు ఇంకో ముఖం కూడా ఉంది. ఆధారం లేని ఆరోపణను స్పానిష్‌లో ఆకుసాసియోన్ గ్రతూయితా అంటారు. కారణం లేకుండా చేసిన అవమానం కూడా ఆ మాటతోనే చెబుతారు. ఇంగ్లీషు మాటకే కాదు, దానికి బదులుగా తెచ్చిన స్పానిష్ మాటకూ సొంత నానార్థాలు ఉంటాయి. ఒక చోట తొలగిన అయోమయం మరో చోట పుట్టకుండా చూసుకోవాలి.

ఒక పదార్థం లేదని చెప్పేటప్పుడు ఇంగ్లీషు ‘ఫ్రీ’ని మాట చివర తగిలిస్తుంది. షుగర్ ఫ్రీ, ఫ్యాట్ ఫ్రీ, గ్లూటెన్ ఫ్రీ. స్పానిష్ ఇక్కడ స్వేచ్ఛ ఊసే ఎత్తదు. లేకుండా అనే అర్థమున్న సిన్ అనే చిన్న మాటను ముందు పెడుతుంది. చక్కెర లేనిది సిన్ అసూకర్, గ్లూటెన్ లేనిది సిన్ గ్లూతెన్. సీసం లేని పెట్రోలు గసొలీనా సిన్ ప్లోమో. పన్ను, రుసుము, సైనిక సేవ వంటి బాధ్యత నుంచి మినహాయింపు ఉంటే ఎక్సెంతో వస్తుంది. సుంకాల్లేని వాణిజ్య మండలాన్ని సోనా ఫ్రాంకా అంటారు. ఈ ఫ్రాంకో అనే మాట ఫ్రాంకులు అనే జాతి పేరు నుంచి వచ్చింది. పన్ను భారం లేనివారు అనే అర్థం ఆ పేరుకు పూర్వమే అంటుకుంది.

‘ఫ్రీ’ క్రియ అయినప్పుడు మళ్లీ విడివిడి దారులు. ఆక్రమణలో ఉన్న ఊరిని విముక్తం చేయడం లిబెరార్. కంప్యూటర్ మెమరీలో చోటు ఖాళీ చేయడానికీ అదే క్రియ. ఖైదీని విడుదల చేయడం పొనేర్ ఎన్ లిబెర్తాద్, అంటే స్వేచ్ఛలో ఉంచడం. పట్టుకున్న పక్షిని వదిలేయడం సొల్తార్. ఆపద నుంచి తప్పించడం లిబ్రార్. స్పెయిన్‌లో ఈ చివరి క్రియకు ఇంకో వాడుక ఉంది. ‘ఓయ్ లీబ్రో’ అంటే ఈరోజు నాకు సెలవు అని. లీబ్రో అంటే పుస్తకం అని మాత్రమే నేర్చుకున్నవారికి ఆ వాక్యం బోధపడదు. 1980లలో ప్రపంచమంతా వినిపించిన ‘ఫ్రీ మండేలా’ నినాదంలో ఉన్నది కూడా విశేషణం కాదు, క్రియ. మండేలాను విడుదల చేయండి అనే డిమాండు. స్పానిష్ నినాదాల్లో ఇలాంటి చోట నామవాచకం వాడతారు: ‘లిబెర్తాద్ పారా మండేలా’, మండేలాకు స్వేచ్ఛ. అక్కడ లీబ్రె అని పెడితే డిమాండు కాస్తా వర్ణనగా మారిపోతుంది.

ఇంతవరకూ చెప్పిన విభజన చాలావరకు నిలుస్తుంది గానీ, వాడుక దాన్ని అక్కడక్కడా దాటుతుంది. ఎంత్రాదా లీబ్రె అంటే ఎవరైనా లోపలికి రావచ్చని అసలు అర్థం. రుసుము లేదని కూడా జనం అలాగే అర్థం చేసుకుంటారు. పెళ్లి విందుల్లో బార్రా లీబ్రె అంటే అతిథులు ఎంత తాగినా వారి దగ్గర డబ్బు తీసుకోరు. కానీ స్పెయిన్‌లోని హోటలు ముందు బుఫే లీబ్రె అని రాసి ఉంటే అది ఉచిత భోజనం కాదు. ముందుగా ఒక ధర కట్టి, ఎంత కావాలంటే అంత వడ్డించుకోవచ్చని దాని అర్థం. అక్కడ స్వేచ్ఛ వడ్డనకే, బిల్లుకు కాదు. మెక్సికోలో రోడ్డు బోర్డుల మీద లీబ్రె, క్వోతా అనే రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తాయి. క్వోతా అంటే టోలు కట్టాల్సిన రోడ్డు. లీబ్రె అంటే టోలు లేని రోడ్డు. ఇక్కడ లీబ్రె సూటిగా డబ్బు సంగతే చెబుతోంది. ఇలాంటి వాడుకలు సూత్రంతో తేలవు. ఒక్కొక్కటిగా తెలుసుకోవాల్సిందే.

ప్రాంతాన్ని బట్టి కూడా మాట మారుతుంది. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. ఫుట్‌బాల్‌లో ఫ్రీ కిక్‌ను లాటిన్ అమెరికాలో చాలాచోట్ల తీరో లీబ్రె అంటారు. స్పెయిన్‌లో తీరో లీబ్రె అనగానే బాస్కెట్‌బాల్‌లోని ఫ్రీ త్రో గుర్తుకొస్తుంది. ఫుట్‌బాల్ ఫ్రీ కిక్‌కు అక్కడ గోల్పె ఫ్రాంకో, ఫాల్తా అనే మాటలు వాడతారు. బోనులో పెట్టకుండా ఆరుబయట తిరగనిచ్చి పెంచిన కోళ్ల గుడ్లను ఇంగ్లీషులో ఫ్రీ రేంజ్ అంటారు. స్పెయిన్‌లో అవి ఊయెవోస్ కంపేరోస్. పొలం అనే అర్థమున్న కాంపో నుంచి వచ్చిన మాట అది. అందులో స్వేచ్ఛ ప్రస్తావనే లేదు. అనువాదం ఏ దేశంవారు చదువుతారో తెలియకుండా ఇలాంటి మాటలు ఎంచుకోవడం కుదరదు.

ఒక్క మాట నానార్థాలు ఒక ఉద్యమాన్నే ఎంత ఇబ్బంది పెట్టగలవో సాఫ్ట్‌వేర్ చరిత్ర చూపించింది. అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. ప్రోగ్రామును నడుపుకోవడానికి, దాని లోపలి కోడును చదివి మార్చుకోవడానికి, ఇతరులకు పంచడానికి వాడుకరికి స్వేచ్ఛ ఉండాలన్నది వారి సిద్ధాంతం. అందులో ధర ప్రసక్తి లేదు, అలాంటి సాఫ్ట్‌వేర్‌ను అమ్ముకోవచ్చు కూడా. కానీ ఇంగ్లీషులో ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అనగానే చాలామందికి డబ్బు లేకుండా దొరికేదే స్ఫురించింది. ఇది వాక్ స్వాతంత్ర్యంలోని ఫ్రీ, ఊరికే పోసే బీరులోని ఫ్రీ కాదు అని ఆ ఉద్యమకారులు ఏళ్ల తరబడి వివరించాల్సి వచ్చింది. స్పానిష్‌లో ఈ వివరణతో పనే పడలేదు. సోఫ్త్వేర్ లీబ్రె అంటే స్వేచ్ఛ, సోఫ్త్వేర్ గ్రాతిస్ అంటే ఉచితం. చివరికి ఇంగ్లీషు మాట్లాడేవారే లీబ్రె అనే మాటను అరువు తెచ్చుకున్నారు. 2010లో మొదలైన లిబ్రే ఆఫీస్ అనే కార్యాలయ సాఫ్ట్‌వేర్ పేరులో ఉన్నది అదే. తెలుగు నేలమీద ఈ ఉద్యమాన్ని నడిపిన హైదరాబాదు సంస్థ కూడా ఉచితం అనే మాటను ఎంచుకోలేదు, స్వేచ్ఛ అని పేరు పెట్టుకుంది.

ఇలాంటి మాటలను యంత్రం అనువదించగలదా అన్న ప్రశ్న కంప్యూటర్ల తొలినాళ్లలోనే వచ్చింది. 1949లో అమెరికన్ శాస్త్రవేత్త వారెన్ వీవర్ యంత్రానువాదం మీద ఒక పత్రం రాశాడు. అందులో ఆయన ఒక ఊహ చేశాడు. అట్టకు చిన్న కన్నం పెట్టి, అందులోంచి ఒకేసారి ఒక్క మాట మాత్రమే కనిపించేలా పుస్తకం చదివితే ఆ మాట అర్థం తేలదు. కన్నాన్ని కాస్త వెడల్పు చేసి అటూ ఇటూ కొన్ని మాటలు కనిపించనిస్తే తేలుతుంది. 1960లో ఇజ్రాయెల్ పండితుడు యెహోషువా బార్ హిల్లెల్ దీనికి ఒక అడ్డు చూపించాడు. ఇంగ్లీషు ‘పెన్’కు రాసే కలం, పిల్లలు ఆడుకునే కంచె కట్టిన చోటు అని రెండు అర్థాలు. బొమ్మల పెట్టె ‘పెన్’లో ఉంది అనే వాక్యంలో ఏ అర్థం తీసుకోవాలో చుట్టూ ఉన్న మాటలు చెప్పవు. కలంలో పెట్టె పట్టదు అన్న లోకజ్ఞానం చెబుతుంది. ఆ వాక్యం స్పానిష్‌లోకి వెళ్లాలన్నా అదే జ్ఞానం కావాలి. కలం అయితే ప్లూమా, పిల్లల చోటు అయితే కొర్రలీతో.

2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతిని వెలువరించాక యంత్రాలు మాట చుట్టూ ఉన్న సందర్భాన్ని చాలా మెరుగ్గా లెక్కలోకి తీసుకుంటున్నాయి. పూర్తి వాక్యం ఇస్తే ‘ఫ్రీ’ ఏ అర్థంలో ఉందో సాధారణంగా పట్టుకుంటాయి. చిక్కు వచ్చేది మాట ఒంటరిగా నిలిచినప్పుడు. ఒక సాఫ్ట్‌వేర్‌లో తెర మీద కనిపించే మాటల జాబితా అనువాదకుడి చేతికొస్తుంది. అందులో ఒక వరుసలో ‘ఫ్రీ’ అని ఒక్క మాటే ఉంటుంది. డిస్కులో మిగిలిన చోటు గురించి అయితే లీబ్రె రాయాలి. ధర గురించి అయితే గ్రాతిస్ రాయాలి. నొక్కితే మెమరీ ఖాళీ అయ్యే మీట అయితే లిబెరార్ రాయాలి. ఒంటరి మాటను చూసి మనిషీ చెప్పలేడు, యంత్రమూ చెప్పలేదు. అందుకే సాఫ్ట్‌వేర్ అనువాదంలో వాడే గ్నూ గెట్‌టెక్స్ట్ వంటి పరికరాల్లో ప్రతి మాట పక్కనా దాని సందర్భం రాసే ఏర్పాటు ఉంది. ఆ ఒక్క పంక్తి రాయడం సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారి పని. అది లేకపోతే అనువాదకుడు వారిని అడిగి తెలుసుకోవాలి, ఊహించి రాయకూడదు.

తెలుగువారు స్పానిష్‌ను చాలావరకు ఇంగ్లీషు మీదుగానే నేర్చుకుంటారు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో చదివే విద్యార్థులకైనా, అమెరికా బడుల్లో స్పానిష్ ఎంచుకునే తెలుగు పిల్లలకైనా చేతిలో ఉండేది తరచుగా ఇంగ్లీషు–స్పానిష్ నిఘంటువే. పైగా ‘ఫ్రీ’ తెలుగు మాటల్లో బాగా కలిసిపోయింది. ఫ్రీ బస్సు అంటారు, ఫ్రీ అయ్యాక ఫోన్ చెయ్యమంటారు, ఫ్రీగా మాట్లాడమంటారు. ఇంగ్లీషు మాటతో పాటు దాని అయోమయమూ వచ్చి చేరింది. అయితే తెలుగుకు సొంత మాటలున్నాయి, అవి స్పానిష్‌కు చాలా దగ్గరగా నడుస్తాయి. స్వేచ్ఛ అనిపించిన చోట లీబ్రె, ఉచితం అనిపించిన చోట గ్రాతిస్, విడుదల అనిపించిన చోట పొనేర్ ఎన్ లిబెర్తాద్ దాదాపు ఎప్పుడూ సరిపోతాయి. చక్కెర లేని బిస్కెట్టు అనే తెలుగు పద్ధతే సిన్ అసూకర్‌లోనూ ఉంది. కాబట్టి ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో ఒకసారి అచ్చ తెలుగులో చెప్పుకుంటే సగం దారి పడుతుంది. అన్ని చోట్లా కాదు. తెలుగులో గది ఖాళీగా ఉంది అంటే అందులో సామాను లేదనీ కావచ్చు, ఎవరూ దిగలేదనీ కావచ్చు. స్పానిష్‌లో సామాను లేని గది బసీయా, అద్దెకు దొరికే గది లీబ్రె. తెలుగు మాటల నానార్థాలనూ కనిపెట్టి ఉండాలి.

అనువాదకుడు పని చేసే వరుస ఇలా ఉంటుంది. ముందు వాక్యం మొత్తం చదివి, ‘ఫ్రీ’ విశేషణమో క్రియో తేల్చుకోవాలి. తరవాత దేని నుంచి ఫ్రీ అని ప్రశ్నించాలి. జవాబు అధికారం, ధర, పని, పన్ను, పదార్థం వీటిలో ఏదో తేలాక ద్విభాషా నిఘంటువులో ఆ అర్థం కిందున్న మాట తీసుకోవాలి. అంతటితో ఆగక ఆ స్పానిష్ మాటను స్పానిష్–స్పానిష్ నిఘంటువులో చూడాలి. 1713లో ఏర్పడిన స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువులో గానీ, వాడుకను వివరంగా చూపే మరియా మొలినేర్ నిఘంటువులో గానీ చూస్తే దానికి ఇంకే అర్థాలున్నాయో, ఏ మాటల పక్కన కూర్చుంటుందో తెలుస్తుంది. చదివేవారి దేశంలో ఆ వాడుక ఉందో లేదో కనుక్కోవాలి. ఆఖరున స్పానిష్ వాక్యాన్ని మాత్రమే చూసి తిరిగి అర్థం చెప్పుకోవాలి. అది మూలంలో చెప్పిన సంగతితో కలిస్తే అనువాదం సరైనట్టు. మూల రచయిత రెండర్థాలనూ కావాలనే ఒకే మాటలో ఇమిడ్చి ఉంటే స్పానిష్‌లో ఒక్క మాట చాలదు. లీబ్రెనూ గ్రాతిస్‌నూ రెండింటినీ వాక్యంలోకి తెచ్చి, ఆ భావాన్ని కొత్తగా కట్టాలి. ఈ పద్ధతి ‘ఫ్రీ’కి ఎంత పనికొస్తుందో నానార్థాలున్న ప్రతి ఇంగ్లీషు మాటకూ అంతే పనికొస్తుంది.